పునరావాస కాలనీలో ఇచ్చే ఇంటి కప్పు ఎలా ఉండాలో గ్రామసభలో అడగవచ్చా?

చౌడునేల (చర్చ ప్రారంభించినవారు) | ఆదివారం, ఉదయం 7.40

అందరికీ నమస్కారం. మా ఊరు ఒక జలాశయం ముంపులో పోతోంది. మాది తెలంగాణ. ఊరి పేరు, ప్రాజెక్టు పేరు రాయడం లేదు. పరిహారం విషయం ఇంకా తేలలేదు, నా రాత వల్ల ఊరిలో ఎవరికీ ఇబ్బంది రాకూడదు. పొలాల కొలతలు ముగిశాయి. ఇళ్ల లెక్క రాసుకుని వెళ్లారు. పునరావాస కాలనీ మీద మాట్లాడటానికి వచ్చే వారం గ్రామసభ ఉంటుందని చాటింపు వేశారు.

కాలనీలో కట్టబోయే ఇల్లు ఎలా ఉంటుందో చూపించడానికి నమూనాగా ఒకటి కట్టారు. గదులు బాగానే ఉన్నాయి. మరుగుదొడ్డి ఉంది, ముందు చిన్న వసారా ఉంది. కానీ గోడలు నాలుగు అంగుళాల సిమెంటు ఇటుకలవి, పైన ఉత్త స్లాబు. మధ్యాహ్నం వేళ లోపల నిలబడలేక మా అమ్మ బయటికి వచ్చి వేపచెట్టు కింద కూర్చుంది. ఇప్పుడు మేము ఉంటున్నది మూరెడు మందం మట్టిగోడల పెంకుటిల్లు. కరెంటు పోయినా వేసవిలో కంటి నిండా నిద్రపోతాం.

గ్రామసభలో అందరూ ఎకరానికి ఎంత అనే మాట్లాడతారు. మాట్లాడాలి కూడా. దానితోపాటు కప్పు గురించి, గోడల గురించి అడిగే హక్కు మాకు చట్టంలో ఉందా? ఉంటే ఏమని అడగాలి? ఖర్చు ఎక్కువవుతుందని అధికారులు అంటే ఏమి జవాబు చెప్పాలి?

వకీలు_ఓరుగల్లు | ఆదివారం, ఉదయం 8.25

హక్కు ఉంది, నిస్సంకోచంగా అడగండి.

1894 నాటి పాత చట్టంలో భూమి పోయినవాడికి డబ్బు తప్ప మరో హక్కు లేదు. 2014 జనవరి 1న అమలులోకి వచ్చిన 2013 భూసేకరణ చట్టం పునరావాసాన్ని కూడా హక్కుగా చేసింది. సెక్షన్ 16 ప్రకారం పునరావాస పథకం ముసాయిదా తయారు చేసి, స్థానికంగా అందరికీ తెలిసేలా ప్రచారం చేసి, గ్రామసభలో చర్చకు పెట్టాలి. అక్కడ వచ్చిన అభ్యంతరాలను జతచేసి ముసాయిదాను కలెక్టరుకు పంపాలి. సేకరించే భూమి 100 ఎకరాలు, అంతకుమించి ఉంటే సెక్షన్ 45 కింద కలెక్టరు అధ్యక్షతన ఒక కమిటీ ఉండాలి. ముంపు ప్రాంత మహిళల ప్రతినిధి, ఎస్సీ ఎస్టీల ప్రతినిధి, సర్పంచి, ఎమ్మెల్యే, ఎంపీ అందులో సభ్యులు. మీ కమిటీలో ఎవరెవరు ఉన్నారో ముందు తెలుసుకోండి.

ఇక ఇంటి ప్రమాణం సంగతి. అది చట్టం రెండో షెడ్యూలులో ఉంది. పల్లెలో ఇల్లు పోయిన కుటుంబానికి ఇందిరా ఆవాస్ యోజన ప్రమాణాల ప్రకారం కట్టిన ఇల్లు ఇవ్వాలి. పట్టణంలో అయితే 50 చదరపు మీటర్లకు తగ్గని ఇల్లు. అంతవరకే. మూడో షెడ్యూలులో రోడ్లు, మురుగు కాలువలు, తాగునీరు, బడి, శ్మశానం దాకా కాలనీలో ఉండాల్సిన వసతులన్నీ పేర్చారు. ఎండ వేడి నుంచి ఇంటిని కాపాడటం గురించి రెండింటిలోనూ ఒక్క ముక్క లేదు. అయినా మీరు అడగడానికి అది అడ్డు కాదు. చట్టంలో ఉన్నవి కనీస హక్కులు. వాటికి అదనంగా ఇవ్వడానికి రాష్ట్రాలకు సెక్షన్ 107 వీలు కల్పించింది.

పన్నుకట్టేవాడు | ఆదివారం, ఉదయం 9.10

ముంపు బాధితుల మీద నాకు సానుభూతి ఉంది. కానీ ఒక ప్రశ్న తప్పక అడగాలి. రెండు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ ఇళ్లకు డబ్బు చాలక ఎన్నో చోట్ల పునాదుల దగ్గరే ఆగిపోయాయి. ఉన్న డబ్బుతో ఎక్కువ మందికి ఇల్లు ఇవ్వాలా, తక్కువ మందికి చల్లని ఇల్లు ఇవ్వాలా? నా ఇంటి స్లాబు కూడా వేడెక్కుతుంది. కూలర్ పెట్టుకున్నాను. ఎండ మన దేశానికి కొత్త కాదు కదా.

సైటు_ఇంజినీరు | ఆదివారం, ఉదయం 10.05

పన్నుకట్టేవాడు గారూ, లెక్క వేసి చూద్దాం.

తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. ఇటువంటి విధానం తెచ్చిన మొదటి రాష్ట్రం మనదే. 2028 నాటికి రాష్ట్రమంతటా 300 చదరపు కిలోమీటర్ల కప్పును చల్లగా మార్చాలని, అందులో 200 ఒక్క హైదరాబాద్‌లోనే చేయాలని లక్ష్యం. అప్పటి మంత్రి చెప్పిన ఖర్చు చదరపు మీటరుకు 300 రూపాయలు. 400 చదరపు అడుగుల ఇంటి కప్పు సుమారు 37 చదరపు మీటర్లు. అంటే 11,000 రూపాయల పైచిలుకు. ధరలు పెరిగాయనుకుని రెట్టింపు వేసినా ఇరవై రెండు వేలు. ఇందిరమ్మ ఇంటికి ప్రభుత్వం ఇస్తున్నది 5 లక్షలు. అసలు లెక్క ప్రకారం చూస్తే నూటికి రెండు రూపాయల చిల్లర. దీనికోసం ఇళ్ల సంఖ్య తగ్గించాల్సిన అవసరం రాదు.

ఆ విధానంలోనే ఇంకొక సంగతి ఉంది. ప్రభుత్వ భవనాలకు, ప్రభుత్వం పేదలకు కట్టే ఇళ్లకు చల్లని కప్పు తప్పనిసరి. 600 గజాలు, అంతకుమించిన స్థలంలో సొంతంగా ఇల్లు కట్టుకునేవారికీ తప్పనిసరే. అంతకన్నా చిన్న స్థలాల్లో కట్టుకునేవారికి ఐచ్ఛికం. పునరావాస కాలనీ ఇల్లు ఎవరు కడుతున్నారు? ప్రభుత్వం. ఈ ముక్క గ్రామసభలో గట్టిగా చెప్పండి. మీరు కొత్త వరమేమీ కోరడం లేదు, ఉన్న విధానం అమలు చేయమంటున్నారు.

లక్ష్మి_పై_అంతస్తు | ఆదివారం, ఉదయం 11.30

మాది ఆంధ్రాలో ప్రభుత్వం కట్టి ఇచ్చిన అపార్టుమెంటు. పై అంతస్తు మాకు వచ్చింది. గోడలు, కప్పు అన్నీ కాంక్రీటే. ఇటుక అనేది లేదు. అచ్చుల్లో పోసి త్వరగా లేపేశారు. పగలు ఎండ తాగిన గోడ రాత్రంతా లోపలికి వేడి వదులుతుంది. ఫ్యాను వేస్తే వేడిగాలి ముఖాన కొడుతుంది. మే నెలలో కింది అంతస్తుల వాళ్లు ఇంట్లో పడుకుంటారు, మేము మాత్రం మెట్ల దగ్గర, వరండాలో చాపలు వేసుకుంటాం. చిన్నపిల్లకు చెమటకాయలు, మా అత్తగారికి కళ్లు తిరగడం. కూలర్ కొందామంటే నెల కరెంటు బిల్లు చూసి భయం. మా ఆయన ఆటో నడుపుతారు.

కూలర్ పెట్టుకోండి అన్న అన్నగారికి ఒక్క మాట. ఇల్లు ఇచ్చారని మేము కృతజ్ఞతతోనే ఉన్నాం. అద్దె పోయింది, అది చిన్న విషయం కాదు. కానీ అద్దె మిగిలిన డబ్బు కరెంటుకూ ఆసుపత్రికీ పోతోంది.

పన్నుకట్టేవాడు | ఆదివారం, మధ్యాహ్నం 12.15

లక్ష్మి గారూ, మీ పరిస్థితి అర్థమైంది. ఇంజినీరు గారు చెప్పిన ఖర్చు నిజమైతే దాన్ని అంచనాలో చేర్చడానికి నా అభ్యంతరం లేదు. కానీ పూత ఎన్నాళ్లు ఉంటుంది? నాలుగు వర్షాలకు పోతే ప్రతి ఏడాదీ ఎవరు వేస్తారు?

సైటు_ఇంజినీరు | ఆదివారం, మధ్యాహ్నం 1.00

సరైన ప్రశ్న. మొదటి నుంచి చెబుతాను.

కప్పు వేడిని ఆపడానికి రెండు దారులు. ఒకటి, ఎండను తిప్పికొట్టడం. అదే తెల్లపూత. కొత్తగా వేసిన మంచి పూత ఎండలో 80 శాతం దాకా వెనక్కి పంపుతుంది. ఉత్త సిమెంటు కప్పు 20, 30 శాతానికి మించి పంపదు. మిగిలినదంతా తాగేస్తుంది. పూత వేసిన ఇంట్లో వేడి 2 నుంచి 5 డిగ్రీలు తగ్గుతుందని సాధారణంగా చెప్పే అంచనా. ఇబ్బంది ఏమిటంటే దుమ్ము పడితే పనితనం తగ్గుతుంది. ఏటా వేసవి ముందు కడగాలి, కొన్నేళ్లకు మళ్లీ వేయాలి.

రెండోది, లోపలికి రాకుండా అడ్డుకోవడం. స్లాబు మీద వేడి దూరని పలక పరచి, దాని పైన వాటంతో గచ్చు వేసి, పైన తెల్ల పెంకులు అతికించడం. ఇది ఒకసారి చేస్తే ఇల్లున్నంత కాలం పనిచేస్తుంది. కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ 2018 డిసెంబరులో ఎకో నివాస్ సంహిత అనే నియమావళి తెచ్చింది. కప్పు గుండా వేడి ప్రవహించే రేటు (చదరపు మీటరుకు, ఒక్కో డిగ్రీ తేడాకు వాట్లలో) 1.2 దాటకూడదని అందులో ఉంది. మనం వేసే ఉత్త స్లాబుది సుమారు దానికి మూడు రెట్లు. అంగుళం మందం ఎక్స్‌పీఎస్ (గట్టి నురుగు ప్లాస్టిక్) పలక వేస్తే చాలు, 1.2 లోపలికి వచ్చేస్తుంది. అయితే ఆ నియమావళి 500 చదరపు మీటర్లు, అంతకుమించిన స్థలంలో కట్టే నివాసాలకు ఉద్దేశించినది. మీ కాలనీలో చిన్న ఇల్లు దాని పరిధిలోకి రాదు. నా మటుకు నాకు ఇదే పెద్ద లోపంగా కనిపిస్తుంది. పెద్ద స్థలంలో కట్టుకునేవాడికి నియమం ఉంది, నడినెత్తిన ఒకే ఒక్క స్లాబు ఉన్న పేదవాడికి లేదు.

పలకను స్లాబు పైనే వేయాలి. కింద సీలింగ్‌లా అతికిస్తే గదికి కొంత ఉపశమనమే కానీ స్లాబు మాత్రం ఎండకు వ్యాకోచిస్తూ, రాత్రి కుదించుకుంటూ పగుళ్లిస్తుంది. తర్వాత నీరు కారుతుంది. పాత మేస్త్రీలకు ఇవన్నీ తెలిసిన విషయాలే. మద్రాసు టెర్రసు మీద సున్నంలో ఇటుక ముక్కలు కలిపి దంచి వేసేవారు. కొన్ని ఇళ్ల మీద కుండలు బోర్లించి మధ్యలో గచ్చు నింపేవారు. స్లాబులు వచ్చాక ఆ పనులు అంచనాల్లోంచి జారిపోయాయి.

చౌడునేల గారూ, ఇల్లు ఇంకా కట్టలేదు కాబట్టి పలకే అడగండి. లక్ష్మి గారికి పూత నయం. ఎందుకంటే ఇల్లు కట్టేసి ఉంది.

లక్ష్మి_పై_అంతస్తు | ఆదివారం, మధ్యాహ్నం 1.20

కప్పు అందరిదీ కదా, పై అంతస్తు వాళ్లమే వేయించుకోవాలా?

సైటు_ఇంజినీరు | ఆదివారం, మధ్యాహ్నం 1.35

సంఘం తరఫున అడగండి అమ్మా. పూత నీరు కారకుండా కూడా కాపాడుతుంది, కాబట్టి అందరికీ లాభమే. ఆలోగా సున్నం, కాస్త ఫెవికాల్ కలిపి రెండు చేతులు వేయించండి. ఒక వేసవికి బాగానే పనిచేస్తుంది. వేసే ముందు కప్పు శుభ్రంగా కడిగి ఆరనివ్వాలి. పడమటి గోడకు బయట వైపు కూడా వేయండి. మీది కాంక్రీటు గోడ కాబట్టి అక్కడా తేడా తెలుస్తుంది.

తహసీలు_విశ్రాంతుడు | ఆదివారం, సాయంత్రం 4.45

రెవెన్యూలో పనిచేసి విరమణ పొందినవాడిని. భూసేకరణ దస్త్రాలు చాలా చూశాను. చౌడునేల బాబుకు కొన్ని విషయాలు చెప్పాలి. కప్పు గురించి అడిగే ముందు ఇవి తేల్చుకోకపోతే అసలు ఇల్లే చేజారవచ్చు.

మొదటిది. మీ భూమి ఏ సెక్షన్ కింద తీసుకుంటున్నారో నోటిఫికేషన్ తెచ్చుకుని చూడండి. తెలంగాణలో ఇది చాలా ముఖ్యం. 2015లో వచ్చిన 123 జీవో కింద రైతుల దగ్గర భూమి నేరుగా కొన్నారు. పునరావాసం ఊసు లేకుండా కొంటున్నారని కేసులు పడ్డాయి. 2016 ఆగస్టులో హైకోర్టు ఆ జీవోను కొట్టివేసింది. మల్లన్నసాగర్ ముంపు గ్రామం వేములఘాట్‌లో ఆ రోజుల్లో నెలల తరబడి రిలే దీక్షలు చేశారు, పత్రికల్లో చదివే ఉంటారు. తర్వాత రాష్ట్రం 2013 చట్టానికి సవరణలు తెచ్చుకుంది. దాని ప్రకారం ఒప్పందంతో భూమి తీసుకోవచ్చు. పునరావాసానికి బదులు ఏకమొత్తం డబ్బు ఇచ్చే వీలు కూడా ఉంది. మీకు ఆ ఏకమొత్తం కాగితం మీద సంతకం పెట్టించారా? పెట్టి ఉంటే ఇల్లు కట్టుకునే బాధ్యత మీదే అవుతుంది. అప్పుడు కాలనీ ఇంటి కప్పు గురించి ప్రభుత్వాన్ని అడిగే బలం తగ్గుతుంది. సంతకం పెట్టకపోతే, చదవకుండా పెట్టకండి.

రెండోది. కుటుంబాల లెక్క. 18 ఏళ్లు నిండినవారు ఆడైనా మగైనా, పెళ్లయినా కాకున్నా, చట్టం దృష్టిలో వేరే కుటుంబం. పెళ్లికాని ఆడపిల్లల పేర్లు రాయించడం చాలా ఊళ్లలో మరిచిపోతారు. భూమి లేని కూలీలు, చేతివృత్తులవారు కూడా మూడేళ్లుగా ఆ ఊరి మీదే బతుకుతుంటే బాధిత కుటుంబాలే. జాబితా గోడకు అంటించినప్పుడు ప్రతి పేరూ చదవండి.

మూడోది. అసైన్డు భూమి ఉన్నవారు మీ ఊరిలో ఉంటే, ప్రభుత్వం ఇచ్చిన భూమి కదా, పరిహారం తక్కువ వస్తుందని ఎవరైనా అంటే నమ్మవద్దు. 2004లో మేకల పాండు కేసులో మన హైకోర్టు విస్తృత ధర్మాసనం పట్టా భూమితో సమానంగా మార్కెట్ విలువ ఇవ్వాలని తేల్చింది.

ఈ మూడూ తేలాక కప్పు సంగతి అడగండి. నా సర్వీసులో ఒక్క గ్రామసభలోనూ ఆ ప్రశ్న వినలేదు. అడగాల్సిన ప్రశ్నే.

చౌడునేల | ఆదివారం, సాయంత్రం 5.30

పెద్దాయన గారికి ధన్యవాదాలు. ఏకమొత్తం కాగితం మాకు ఇంకా ఇవ్వలేదు. భూమికి వేరే కాగితాలు, ఇళ్లకు వేరే కాగితాలు అన్నారు. మా చెల్లెలికి 20 ఏళ్లు, పేరు రాయించలేదు. రేపే వెళ్లి రాయిస్తాను.

కృష్ణాతీరం | ఆదివారం, రాత్రి 8.10

అమరావతి ప్రాంత రైతును. మాది బలవంతపు సేకరణ కాదు, సమీకరణ. 2015లో సుమారు 33,000 ఎకరాలు మేమే రాసిచ్చాం. మెట్ట ఎకరానికి 1,000 గజాల ఇంటి స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం, జరీబుకు (ఏటి పక్కన నీటి వసతి ఉన్న భూమికి) 1,000, 450 అని ఒప్పందం. కౌలు మెట్టకు 30,000, జరీబుకు 50,000తో మొదలై ఏటా పెరుగుతూ పదేళ్లు. ఒప్పంద పత్రంలో అంకెలన్నీ ఉన్నాయి. ఏ రోజుకు ప్లాటులో రోడ్డు, నీరు, కరెంటు వస్తాయో అన్నదే మాకు చాలినంత గట్టిగా రాయలేదు. ప్రభుత్వాలు మారాయి, ఏళ్లు గడిచాయి.

అందుకే చౌడునేల తమ్ముడికి నేను చెప్పేది ఒకటే. కప్పు ఎలా ఉండాలో అడగడం ఎంత ముఖ్యమో, ఎప్పటికల్లా కడతారో రాయించుకోవడం అంతకన్నా ముఖ్యం. చల్లని కప్పు వేస్తామని చెప్పి ఇల్లే కట్టకపోతే ఏమి లాభం? నీళ్లు నింపాక మీ మాట వినేవారు ఉండరు.

వకీలు_ఓరుగల్లు | ఆదివారం, రాత్రి 8.40

దానికి చట్టంలో గడువు ఉంది. సెక్షన్ 38. అవార్డు (పరిహారం ఎంతో తేల్చే ఉత్తర్వు) ప్రకటించిన మూడు నెలల్లో పరిహారం, ఆరు నెలల్లో పునరావాసపు డబ్బు, 18 నెలల్లో కాలనీ వసతులు పూర్తి కావాలి. సాగునీటి ప్రాజెక్టులకైతే ముంపుకు ఆరు నెలల ముందే పునరావాసం ముగియాలి. ఇంజినీరు గారు చెప్పిన కప్పు పనిని పునరావాస పథకంలో రాయించగలిగితే ఈ గడువు దానికీ వర్తిస్తుంది. పథకం బయట నోటిమాటగా ఒప్పుకుంటే వర్తించదు. అందుకే పట్టుబట్టి రాయించాలి.

పరిహారం మొత్తం మీద ఒప్పుకోకపోతే డబ్బు తీసుకునేటప్పుడు అభ్యంతరంతో తీసుకుంటున్నానని రాసి సంతకం పెట్టండి. సెక్షన్ 64 కింద మీ అభ్యంతరాన్ని పరిహార వివాదాలు తేల్చే అథారిటీకి పంపమని కలెక్టరుకు దరఖాస్తు ఇవ్వడానికి, అవార్డు రోజు మీరు అక్కడ ఉంటే ఆరు వారాలే గడువు.

లీసెస్టర్_తెలుగు | ఆదివారం, రాత్రి 11.55

ఇంగ్లండ్ నుంచి రాస్తున్నాను. ఇక్కడ సమస్య తలకిందులు, ఇంట్లో వేడి బయటకు పోకుండా ఆపాలి. ప్రభుత్వం ఎన్నో ఏళ్లుగా పేదల ఇళ్ల గోడలకు ఉచితంగా వేడి కాపాడే పొరలు వేయిస్తోంది. ఆ అనుభవం మీకు పనికొస్తుందని రాస్తున్నాను.

2020లో గ్రీన్ హోమ్స్ గ్రాంట్ అని 6 లక్షల ఇళ్లకు సాయం చేస్తామన్నారు. ఆరు నెలల్లోనే మూసేశారు. 50,000 ఇళ్లకు కూడా చేరలేదు. తర్వాతి పథకాల మీద ఇక్కడి జాతీయ ఆడిట్ కార్యాలయం 2025 అక్టోబరులో నివేదిక ఇచ్చింది. బయటి గోడలకు పొర వేసిన ఇళ్లలో 98 శాతానికి మరమ్మతు అవసరమని తేలింది. సుమారు 22,000 ఇళ్లు. గోడల్లో చెమ్మ, బూజు. వేసే కంపెనీలకు పని తెలియదు, చూసేవారు సరిగా చూడలేదు. నా పక్క వీధిలో ఒక ముసలి దంపతుల ఇంటి గోడ నల్లబడి వారు పడుతున్న అవస్థ కళ్లారా చూస్తున్నాను.

కాబట్టి డబ్బు ఇచ్చారా అన్నదానితో ఆగిపోకండి. పని చేసింది ఎవరు, చూసింది ఎవరు, పాడైతే ఎన్నేళ్ల దాకా బాధ్యత ఎవరిది అన్నవి కూడా కాగితం మీద ఉండాలి.

పన్నుకట్టేవాడు | సోమవారం, ఉదయం 6.50

ఈ మాటతో పూర్తిగా ఏకీభవిస్తాను. నా భయం మొదటి నుంచీ ఇదే. మంచి ఆలోచన, చెడ్డ కాంట్రాక్టు. పలక స్లాబు పైన గచ్చు కింద దాగిపోతుంది. అంగుళం పలక వేశారా, అర అంగుళం వేశారా, అసలు వేశారా లేదా ఎవరికి తెలుస్తుంది?

సైటు_ఇంజినీరు | సోమవారం, ఉదయం 7.30

తెలుసుకునే మార్గం ఉంది. ఇందిరమ్మ ఇళ్లకు పునాది, గోడలు, స్లాబు, చివరి పని అని నాలుగు దఫాలుగా డబ్బు విడుదల చేస్తున్నారు. ప్రతి దఫాకూ ఫోటో తీస్తారు. పునరావాస ఇళ్లలో కూడా పలక పరిచాక, గచ్చు వేయక ముందు ఒక తనిఖీ పెట్టాలి. పలక మందం స్కేలు పెట్టి ఫోటో తీస్తే చాలు. ఆ ఇల్లు ఎవరికి వస్తుందో ముందే తెలుస్తుంది కాబట్టి ఆ కుటుంబంలో ఒకరు దగ్గరుండాలి. నేను చూసిన సైట్లలో ఇంటివాళ్లు దగ్గరున్న పనికి, లేని పనికి తేడా స్పష్టంగా ఉంటుంది.

వాస్తుకళ_విద్యార్థిని | సోమవారం, ఉదయం 9.15

హైదరాబాద్‌లో ఆర్కిటెక్చర్ చదువుతున్నాను. అందరూ కప్పు మీదే మాట్లాడుతున్నారు. ఒక్క అంతస్తు ఇంటికి అది సబబే, పై నుంచి వచ్చే వేడే ఎక్కువ. కానీ ఖర్చు లేకుండా దొరికే చల్లదనం కాలనీ పటంలో ఉంది, దాన్ని వదులుకోవద్దు.

ఇళ్ల వరుసలు తూర్పు పడమరలుగా సాగాలి. అప్పుడు ప్రతి ఇంటి పొడవాటి గోడలు ఉత్తరం, దక్షిణం చూస్తాయి. మధ్యాహ్నం తర్వాత కొట్టే పడమటి ఎండ చిన్న గోడకే తగులుతుంది. పడమటి వైపు వంటగదో మరుగుదొడ్డో పెడితే పడకగది బతికిపోతుంది. కిటికీలు ఎదురెదురుగా ఉండాలి. ఇంజినీరు గారు చెప్పిన నియమావళిలోనే దీనికీ లెక్క ఉంది. హైదరాబాద్ చుట్టుపక్కల వాతావరణానికి ఇంటి నేల వైశాల్యంలో కనీసం 12.5 శాతం తెరుచుకునే కిటికీలు, తలుపులు ఉండాలి. విజయవాడ వంటి ఉక్కపోత ప్రాంతానికి 16.66 శాతం. ప్రతి కిటికీ మీద సన్‌షేడు రెండు అడుగులు ఉండాలి. నమూనా ఇంట్లో అర అడుగు పెట్టి వదిలేస్తున్నారు.

నాలుగు అంగుళాల సిమెంటు ఇటుక గోడ మాత్రం ఒప్పుకోవద్దు. పడమటి గోడ ఒక్కటైనా ఎనిమిది అంగుళాల ఏఏసీ (లోపల గాలి బుడగలుండే కాంక్రీటు) దిమ్మెలతో కట్టమనండి. ఆ దిమ్మెలు తేలిక, వేడిని ఎన్నో రెట్లు తక్కువగా పంపుతాయి.

కోపంతో ఇంకొక మాట. 2015 మే నెల వడగాలుల్లో రెండు రాష్ట్రాల్లో కలిపి సుమారు రెండు వేల మంది చనిపోయారు. ఎక్కువమంది వృద్ధులు, ఎండలో పనిచేసేవారు. ప్రతి వేసవిలో బయటకు వెళ్లవద్దు, ఇంట్లోనే ఉండండి అని ప్రకటనలు ఇస్తారు. ఆ ఇల్లు ఎలా ఉందో ఎవరూ చూడరు.

గోదారి_వాసి | సోమవారం, ఉదయం 10.20

స్థలం ఎక్కడో కూడా అడగండి. రాజమండ్రి పక్కన కోరుకొండ మండలంలో ఇళ్ల స్థలాల కోసం ఆవ భూములు కొనడం మీద ఎంత గొడవ జరిగిందో, హైకోర్టు దాకా వెళ్లిందో మా జిల్లాలో అందరికీ తెలుసు. వర్షాకాలంలో నీళ్లు నిలిచే పల్లం అది. చల్లని కప్పు ఉన్న ఇంట్లోకి మోకాలి లోతు నీళ్లు వస్తే ఏమి చేస్తాం? కాలనీ స్థలాన్ని వర్షాకాలంలో ఒకసారి చూసి రండి.

తహసీలు_విశ్రాంతుడు | సోమవారం, ఉదయం 11.00

మంచి మాట. పాత గ్రామ పటంలో వాగు, కుంట గుర్తులు ఉంటాయి. కాలనీ సర్వే నంబరు ఆ పటంలో ఎక్కడ పడుతుందో చూడండి.

మిర్యాల | సోమవారం, మధ్యాహ్నం 12.40

మధ్యలో అడుగుతున్నందుకు మన్నించండి. పరిహారం మీద ఆదాయపు పన్ను ఉంటుందా?

వకీలు_ఓరుగల్లు | సోమవారం, మధ్యాహ్నం 1.05

2013 చట్టం కింద అవార్డు ద్వారా గానీ ఒప్పందం ద్వారా గానీ వచ్చిన పరిహారానికి సెక్షన్ 96 ప్రకారం పన్ను లేదు. సెక్షన్ 46 కింద ప్రైవేటు వ్యక్తులు కొన్నదానికి ఈ మినహాయింపు వర్తించదు. 2016లో ప్రత్యక్ష పన్నుల బోర్డు 36వ సర్క్యులర్‌లో వివరణ ఇచ్చింది. బ్యాంకువాళ్లు అడిగితే అది చూపించండి.

చౌడునేల | సోమవారం, రాత్రి 9.30

ఊరిలో కొందరం కూర్చుని మీరు చెప్పినవన్నీ చదువుకున్నాం. చెల్లెలి పేరు రాయించాను. మరో పదకొండు ఇళ్లలో పెళ్లికాని ఆడపిల్లల పేర్లు లేవని బయటపడింది. వాళ్లూ రాయిస్తున్నారు.

గ్రామసభకు ఇలా రాసుకున్నాం, సరిగా ఉందో లేదో చెప్పండి:

"పునరావాస కాలనీలో ప్రతి ఇంటికీ స్లాబు పైన అంగుళానికి తగ్గని మందంలో వేడి నిరోధక పలక, దాని మీద వాటంతో గచ్చు, తెల్ల పెంకులు వేయాలి. పడమటి గోడ ఎనిమిది అంగుళాల తేలిక దిమ్మెలతో కట్టాలి. ఎదురెదురు కిటికీలు, రెండు అడుగుల సన్‌షేడు ఉండాలి. ఇళ్ల వరుసలు తూర్పు పడమరలుగా ఉండేలా పటం మార్చాలి. గచ్చు వేసే ముందు ఇంటి యజమాని సమక్షంలో కొలిచి ఫోటో తీయాలి. ఐదేళ్ల లోపు కప్పు కారితే కట్టినవారే బాగుచేయాలి. ఇవన్నీ పునరావాస పథకంలో చేర్చాలి, ముంపుకు ఆరు నెలల ముందు పూర్తి చేయాలి. కాలనీ స్థలం నీరు నిలిచేది కాదని ధ్రువీకరణ ఇవ్వాలి."

మా అమ్మ ఇంకొకటి చేర్చమంది. ప్రతి ఇంటి ముందు ఒక వేపచెట్టు లేదా కానుగ చెట్టు నాటి, రెండు వేసవులు నీళ్లు పోయించాలని.

వాస్తుకళ_విద్యార్థిని | సోమవారం, రాత్రి 9.50

అమ్మగారు చెప్పింది తప్పకుండా చేర్చండి. చెట్లు పడమటి వైపు నాటమని రాయండి.

కృష్ణాతీరం | సోమవారం, రాత్రి 10.10

చేస్తారు, చూస్తారు అన్న మాటలు వద్దు. ఏ అధికారి చేస్తారో హోదా రాయండి.

లక్ష్మి_పై_అంతస్తు | సోమవారం, రాత్రి 10.25

సభలో ఆడవాళ్లు మాట్లాడేలా చూడండి. పగలంతా ఇంట్లో ఉండేది మేమే. వంట చేసేది ఆ కప్పు కిందే.

తహసీలు_విశ్రాంతుడు | మంగళవారం, ఉదయం 6.15

బాగా రాశారు. రెండు మార్పులు చేయండి. "ఇవన్నీ" అని కలిపి రాస్తే ఒకదానికి కుదరదని చెప్పి మొత్తం పక్కన పెట్టే ప్రమాదం ఉంది. ఒక్కో కోరికకు ఒక్కో నంబరు వేయండి, అప్పుడు ఒక్కోదానికి జవాబు రాయక తప్పదు. రెండోది, ఈ కాగితం సభ రోజు దాకా ఆగకుండా ముందే ఇవ్వండి. పునరావాస నిర్వాహకుడిగా డిప్యూటీ కలెక్టరు హోదాకు తగ్గని అధికారి ఒకరు ఉంటారు. ఆయన కార్యాలయంలో ఇచ్చి, మీ దగ్గరున్న ప్రతి మీద తేదీతో ముద్ర వేయించుకోండి. ప్రతులు కలెక్టరుకు, పునరావాస కమిటీ సభ్యులకు, మీ ఎమ్మెల్యేకు పంపండి. సభలో చదివాక తీర్మానాల పుస్తకంలో ఎక్కించారో లేదో చూసి, ఆ పేజీ ఫోటో తీసుకోండి.

చౌడునేల | మంగళవారం, ఉదయం 7.05

నంబర్లు వేసి మళ్లీ రాస్తున్నాం. అమ్మతో పాటు ఇద్దరు ఆడవాళ్లు సభలో చదువుతామన్నారు. కాగితం రేపు ఉదయం ఇస్తాం. ముద్ర పడ్డాక ఇక్కడ రాస్తాను.